మూడు నీళ్ళు

మా పెళ్ళి పీటల మీద జరగలేదు. ఒక చిన్న హాల్లో స్నేహితుల ఎదుట దండలు మార్చుకుని, రిజిస్టరులో సంతకాలు పెట్టి ఇంటికొచ్చాం. ఆ తర్వాత పాతికేళ్ళలో గృహప్రవేశం అన్నారు, వ్రతం అన్నారు, శాంతి అన్నారు. ఏ పీట మీదా నేను కూర్చోలేదు. మూఢనమ్మకాల మీద సభలో మాట్లాడిన మాట వంటింట్లో చెల్లకపోతే ఆ మాటకు విలువ లేదని నమ్మినదాన్ని. అలాంటి నేను నిరుడు వేసవిలో మా అత్తగారికి మాటిచ్చాను. "మామిడిపళ్ళు మార్కెట్లోంచి పోయేలోగా, నేను చేసే పొడితో బట్టలుతికి మీ అబ్బాయి దురద తగ్గించకపోతే, మీరు చెప్పిన పూజలో ఆయన పక్కన పీట మీద కూర్చుంటాను" అని.

దురద మా ఆయనది. బేగంపేటలో ఆఫీసు. సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా విప్పి మెడ చుట్టూ, ప్యాంటు బిగిసే నడుం చుట్టూ బరబరా గోక్కునేవాడు. పంజగుట్టలో చర్మవైద్యుడికి చూపించాం. పూత మందు రాసి, "బట్టల సబ్బు పడకపోయి ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు, మార్చి చూడండి" అన్నాడాయన. ఆ "కావచ్చు" అనే మాట మా అత్తగారికి నచ్చలేదు. ఆవిడ దగ్గర "కావచ్చు"లు ఉండవు.

"వాడి జాతకంలో సర్పదోషం ఉందమ్మాయ్. చిన్నప్పుడే చెప్పారు మా ఊరి పంతులుగారు. అది ఎప్పటికైనా ఒంటి మీద చూపిస్తుందిట. పూజ చేయిస్తే పోతుంది. కాకపోతే దంపతులిద్దరూ కూర్చోవాలి."

"పాముకి మీ అబ్బాయి కాలరు, బెల్టు మాత్రమే దొరికాయా అత్తయ్యా? వీపు మీద లేదే?"

"ఏంటి, వేళాకోళమా? గోక్కునేది నువ్వు కాదుగా."

అక్కడే నేను పంతానికి పోయాను. దురద సరిగ్గా బట్ట బిగిసే చోటే ఉంది కాబట్టి కారణం బట్టలోనే ఉండాలి. బట్టలో ఉన్నది కంపెనీ పౌడరు. దాన్ని తీసేసి, ఏమేం కలిపామో నాకు తెలిసిన పొడి వాడితే సరి. ఈ తర్కంలో నాకు ఎక్కడా చిల్లు కనపడలేదు.

అమీర్‌పేట మార్కెట్లో కిరాణా కొట్టుకు వెళ్ళి కుంకుడుకాయలు, చాకలి సోడా, రంగూ వాసనా లేని బట్టల సబ్బు బిళ్ళలు తెచ్చాను. కుంకుడుకాయల్ని మేడ మీద రెండు రోజులు ఎండబెట్టి, కొట్టి, గింజలు తీసి మిక్సీలో వేశాను. మూత తీసేసరికి ఇల్లంతా తుమ్ములు. ముగ్గురం మూడు గదుల్లోంచి తుమ్ముతూనే ఉన్నాం. సబ్బు బిళ్ళల్ని కోరుడు పీట మీద తురిమాను. అది చూసి మా అత్తగారు, "ఇక ఆ పీట మీద కొబ్బరి కోరానంటే ఒట్టు" అని కొత్తది తెప్పించుకున్నారు. మూడింటినీ కలిపి డబ్బాకెత్తి, మూత మీద చీటీ అంటించాను. రంగు లేదు, వాసన లేదు, దోషం లేదు. ఆ మూడో మాట ఎవరి కోసం రాశానో చెప్పక్కర్లేదు.

మా మిషను ముందువైపు గుండ్రటి అద్దం తలుపు ఉండే రకం. వేసవిలో మా అపార్ట్‌మెంటుకు నల్లా నీళ్ళు చాలవు, సంపులో బోరు నీళ్ళు కలుపుతారు. నీళ్ళు తక్కువ తాగుతుందని చెప్పి ఈ మిషను నేనే పట్టుబట్టి కొనిపించాను. లోపల నీళ్ళు అడుగున కాస్త మాత్రమే ఉంటాయి. డ్రమ్ము తిరుగుతూ బట్టల్ని పైకెత్తి ఆ కాసిని నీళ్ళలో పడేస్తుంది. మొదటి రోజు మూడు చెంచాలు వేసి మీట నొక్కి, అద్దం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి అద్దం నిండా తెల్లటి నురగ. మనసు నిండిపోయింది. "చూడండి అత్తయ్యా, ఎంత నురగో!" అని పిలిచాను. ఆవిడ వచ్చేసరికి నురగ సబ్బు అరలోంచి బయటికొచ్చి, మిషను మీదుగా జారి, బాల్కనీ గచ్చు మీద పాకుతోంది. మిషను రెండుసార్లు మూలిగి, ఎర్ర దీపం వెలిగించి ఆగిపోయింది.

"పాము సంగతేమో గానీ, ఇది మాత్రం పాకుతోందమ్మాయ్" అన్నారావిడ.

నేను వెనక్కి తగ్గలేదు. మర్నాటి నుంచి కొలత తగ్గించాను. అయితే అద్దంలో నురగ కనపడకపోతే మాత్రం నాకు ఊరుకోబుద్ధయ్యేది కాదు. బోరు నీళ్ళు ఎక్కువైన రోజు సబ్బు విరిగి నురగ వచ్చేది కాదు. ఆ రోజు అర లాగి ఇంకో చెంచా వేసేదాన్ని. నురగకూ మురికి పోవడానికీ అసలు సంబంధం ఉందా? ఈ ప్రశ్న నాకు నేను ఒక్కసారి కూడా వేసుకోలేదు. మా అమ్మ బకెట్లో బట్టలు నానబెట్టి, చేత్తో గిలక్కొట్టి, నురగ లేచాకే బట్టల మీద చెయ్యి వేసేది. నేనూ అంతే. ఎవరో చెప్పారని నమ్మకూడదని ఊరూరా తిరిగి చెప్పినదాన్ని, ఈ ఒక్కటీ నమ్మకమని కూడా గుర్తుపట్టలేదు.

మూడు వారాలు గడిచాయి. దురద తగ్గలేదు సరికదా, పెరిగింది. చొక్కాలు గంజి పెట్టినట్టు బిరుసెక్కాయి. నల్ల ప్యాంటు మీద బూడిదరంగు చారలు, గోరుతో గీకితే మైనంలా ఊడొచ్చేవి. వీధిలో పళ్ళ బండి మీద బంగినపల్లి గుట్టలు తరుగుతున్నాయి. మా అత్తగారు భోజనాల దగ్గర మామిడిపండు కోస్తూ నావైపు చూసేవారు. ఒకరోజు అననే అన్నారు.

"ఇన్నాళ్ళూ ఆ కంపెనీ పౌడరేగా నా చీరలకీ వాడింది? ఇప్పుడూ నీ పొడేగా? నాకు లేదే దురద? రోజూ దీపం పెట్టుకుంటాను కాబట్టి."

నాకు నవ్వొచ్చింది. ఏదో ఒకటి చేస్తున్నప్పుడు ఇంకేదో జరిగితే, ఆ రెంటికీ ముడిపెట్టడం ఎంత సులభమో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదనుకుని, నేను రాస్తున్న ఒక వ్యాసం కోసం ఆ మాటను కాగితం మీద రాసి పెట్టుకున్నాను కూడా.

మా ఇంట్లో గిన్నెలు తోమడానికి, అత్తగారి చీరలు ఉతకడానికి బోరబండ నుంచి ఒకావిడ వస్తుంది. అత్తగారికి మిషను మీద నమ్మకం లేదు. పది రకాల బట్టలు కలిపి తిప్పే దాంట్లో తన చీర వెయ్యనివ్వరు. ఒకరోజు ఆ పనావిడ బాల్కనీలో అత్తగారి చీరలు జాడిస్తోంది. నేను దండెం మీంచి మా ఆయన చొక్కాలు తీస్తున్నాను.

"అక్కా, గీ అంగీలు ఉతికినయేనా?"

"ఉతికినవే. పొద్దున ఆరేశాను."

"జర ఒకటి ఇటియ్యి."

ఇచ్చాను. ఖాళీ బకెట్టు నిండా మంచినీళ్ళు పట్టి, చొక్కాను ముంచి, రెండు చేతులతో పిసికింది. నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడ్డాయి. ఇంకోసారి పిసికితే పైన సన్నగా నురగ తేలింది. ఉతికి, ఎండలో ఆరిన చొక్కాలోంచి.

"సబ్బంత అంగిలనే ఉన్నది. సారుకు దురద రాకుంటె ఏమైతది?"

"మరి అత్తయ్య చీరలకు?"

"అవ్వ చీరలు నేను మూడు నీళ్ళు తీస్త కద. నీ మిషను గింతన్ని నీళ్ళల్ల తిప్పుతది. నువ్వేమొ డబ్బ డబ్బ ఏస్తవు. గంత సబ్బును గదెట్ల కడుగుతదక్కా? చదువుకున్నోళ్ళు నురగ జూసి మస్తు ఖుషీ అయితరు."

అదే పొడి, అదే నీళ్ళు, అదే ఇల్లు. ఒకరికి దురద ఉంది, ఒకరికి లేదు. తేడా ఏమిటని అడగడమే కదా నేను జీవితమంతా చేసిన పని. ఆ తేడాను మా అత్తగారు భోజనాల బల్ల దగ్గర నా చేతికి అందించారు. పక్కన దీపం ఉందని, నేను మొత్తం మాటనే తోసేశాను. ఆవిడ చెప్పిన కారణం తప్పు. ఆవిడ చూసిన విషయం నిజం. తప్పు కారణం చెప్పిన నోటి నుంచి నిజం కూడా రావచ్చని, పాతికేళ్ళ వాదనల్లో నాకెవరూ నేర్పలేదు. నేనూ నేర్చుకోలేదు.

సిగ్గుపడుతూ కూర్చుంటే గడువు ఆగదు. అలాగని బకెట్టు చూసి గంతులేసి నమ్మెయ్యడానికీ సిద్ధంగా లేను. ఒకసారి నమ్మి భంగపడ్డాను. పొడిని మళ్ళీ చేశాను. ఈసారి తురిమిన సబ్బు లేదు. బోరు నీళ్ళలో విరిగి మైనంలా అంటుకున్నది అదే. చాకలి సోడా కొంచెం, కుంకుడు పొడి చిటికెడు. నాలుగు చొక్కాల లోపలి అంచున ఎర్ర దారం కుట్టి, వాటిని ఈ పొడితో విడిగా ఉతికాను. ఇంకో నాలుగింటికి నీలం దారం కుట్టి, పాత కంపెనీ పౌడరే, ఎప్పుడూ వేసేదాంట్లో సగం వేశాను. అన్నింటికీ మిషను మీద "మరోసారి జాడించు" అనే మీట నొక్కాను. ఎన్నేళ్ళుగానో ఉన్న మీట, దుమ్ము పట్టి ఉంది. ఏ దారం దేనికో మా ఆయనకు చెప్పలేదు. రోజూ సాయంత్రం మెడ, నడుం చూసుకుని క్యాలెండరు మీద రాయమన్నాను.

"నేనేమన్నా ప్రయోగశాల ఎలుకనా?"

"ఎలుకయితే ఇంత గొణగదు."

రెండు వారాల్లో మెడ మీది ఎరుపూ దురదా తగ్గాయి. ఎర్ర దారం రోజుల్లోనూ తగ్గాయి, నీలం దారం రోజుల్లోనూ తగ్గాయి. పైగా కంపెనీ పౌడరు చొక్కాల కాలర్లే శుభ్రంగా ఉన్నాయి. నా పొడి చొక్కాల కాలరు మీద చెమట మరక అలాగే ఉంది. ఇంట్లో చేసింది కాబట్టి మంచిదే అయ్యుంటుందని అనుకోవడం కూడా ఒక మతమేనని ఆ కాలర్లు నాకు చెప్పాయి. ఇంకొక్క పని మిగిలింది. మూడో వారం ఎవరికీ చెప్పకుండా ఆ మీట నొక్కడం మానేసి, పౌడరు పాత కొలతకు పెంచాను. నాలుగో రోజుకు మా ఆయన మెడ మళ్ళీ ఎర్రబడింది. వెంటనే ఆపేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ పూట ఆయన తన చొక్కాలు తనే బకెట్లో జాడించుకున్నాడు. ఆయన కోపం న్యాయమే. అడిగి చెయ్యాల్సింది.

బండి మీదికి సీజను చివర్లో వచ్చే నీలం మామిడిపళ్ళు వచ్చిన వారం, క్యాలెండరు పట్టుకుని మా అత్తగారి దగ్గర కూర్చున్నాను.

"తగ్గింది. చూస్తూనే ఉన్నాను" అన్నారు. "నెలరోజులుగా గుళ్ళో ప్రదక్షిణలు చేస్తున్నాను మరి."

"మూడో వారంలో మళ్ళీ వచ్చింది. ఆ వారం ప్రదక్షిణలు మానేశారా?"

"ఒక్క రోజు మానలేదు."

"మరి ఎందుకొచ్చింది?"

ఆవిడ క్యాలెండరు తీసుకుని కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. తర్వాత తలెత్తారు. "సరే. నీ పొడితో తగ్గిందా?"

"లేదు. సబ్బు తగ్గించి బాగా జాడించడంతో."

"పందెం పొడి మీదేగా కట్టావు?"

తప్పించుకోవడానికి నాలుగు దారులు కనపడ్డాయి. దోషం ఓడింది కదా అనవచ్చు. కారణం బట్టలోనే ఉందని తేలింది కదా అనవచ్చు. ఎదుటివాళ్ళు అలా జారిపోతుంటే సభల్లో ఎంతమందిని నిలదీశానో గుర్తొచ్చింది.

"పొడి మీదే. ఓడిపోయాను. పూజ ఎప్పుడో చెప్పండి, వచ్చి కూర్చుంటాను. నమ్మి కాదు, మాటిచ్చాను కాబట్టి."

మా ఆయన పక్క గదిలోంచి తొంగి చూశాడు. అత్తగారు నన్ను ఎగాదిగా చూసి, క్యాలెండరు నా చేతిలో పెట్టారు.

"తగ్గినదానికి పూజెందుకు? పైగా నిన్ను కూర్చోబెడితే మొదటి మంత్రానికే పంతులుగారితో వాదన వేసుకుంటావు. ఆయన లేచి వెళ్ళిపోతే నేను మొహం ఎక్కడ పెట్టుకోను? వద్దులే. కానీ ఒకటి. నువ్వు ఎలాగూ ఏదో ఒకటి రాసుకుంటావు. అందులో, నా చీరలతో నాకు దురద రాలేదని ముందు చెప్పింది నేనేనని రాయి. నవ్వావు కదూ ఆ రోజు? అదీ రాయి."

రాస్తానన్నాను. వ్యాసం కోసం దాచుకున్న ఆ కాగితం తీసి, "ఉదాహరణ" అన్న మాట కొట్టేసి, "సాక్ష్యం" అని దిద్దాను. మిగిలిన పొడిలోంచి కుంకుళ్ళు వేరు చెయ్యడం ఎలాగూ కుదరదు కాబట్టి, డబ్బా బాత్రూం గచ్చు కడగడానికి పోయింది. చీటీ మాత్రం అలాగే ఉంది. దోషం లేదు అన్న మాట దగ్గర ఎవరో పెన్నుతో ప్రశ్నార్థకం పెట్టారు. చేతిరాత మా అత్తగారిదే.

ఇదిగో, మాట ప్రకారం రాశాను. ముందు చూసింది ఆవిడే. నవ్వింది నేనే. కారణం మాత్రం దీపం కాదు, బోరబండ నుంచి వచ్చే ఆవిడ తీసే మూడు నీళ్ళు. దీన్ని మా అత్తగారికి చదివి వినిపిస్తాను. దీపం కాదన్న ఆ వాక్యం కొట్టెయ్యమంటే మాత్రం కొట్టెయ్యను.