చుక్కలు తగ్గించమన్న మామ

పోయిన వారం ఒక ఉదయం చిత్తూరు నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. "నాయన పోయినాడు వదినా" అంది. కూతురింట నాలుగు రోజులు ఉండి వస్తానని వెళ్ళిన మా మామ ఇక తిరుపతికి రారు. మీలో కొందరు ఆయన కార్టూన్లు చూసే ఉంటారు. నాకు మాత్రం ఆయన పని నేర్పిన గురువు.

ఆయన బడిలో డ్రాయింగు మాస్టరు. తీరిక వేళల్లో పత్రికలకు కార్టూన్లు వేసేవారు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక, తన పాత బొమ్మలు ఎవరు చూపించినా ముఖం తిప్పుకునేవారు.

అలాంటప్పుడు ఏర్పేడు దగ్గర ఒక బడివాళ్ళు ఆయన మేక కార్టూను గోడంతా వేయించుకుంటామని వచ్చారు. బస్సులో మేక కిటికీ పక్కన దర్జాగా కూర్చుని ఉంటుంది, దాని యజమాని కమ్మీ పట్టుకుని నిలబడి ఉంటాడు. పత్రికలో అచ్చయింది తప్ప అసలు బొమ్మ మిగల్లేదు. దాన్ని స్కాన్ చేసి పెద్దది చేస్తే గీతలన్నీ రంపపు పళ్ళయ్యాయి. ఎంత పెంచినా అంచు చెదరకూడదంటే కంప్యూటర్లో వెక్టర్‌గా మళ్ళీ గీయాలని ప్రింటింగ్ అతను చెప్పాడు. పెళ్ళికి ముందు డీటీపీ నేర్చుకున్న ధైర్యంతో నేను గీస్తానన్నాను.

మొదట, బొమ్మను దానంతటదే గీసిపెట్టే బటన్ నొక్కాను. నిమిషంలో అయిపోయింది. సంబరంగా తీసుకెళ్ళి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "గీతలన్నీ ఉండాయి గానీ, మేక యాడ పోయిందమ్మా?" అన్నారు.

మరునాటి నుంచి కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు. వెక్టర్‌లో మనం చుక్కలు పెడితే వాటిని కలుపుతూ కంప్యూటరే గీత లాగుతుంది. గీత ఎక్కడ తప్పిపోతుందోనని నేను అడుగడుగునా చుక్క పెట్టేదాన్ని. చుక్క చుక్కకీ గీత వణికేది. "అన్ని చుక్కలొద్దు. మలుపు తిరిగే కాడ ఒకటి పెట్టు. నడుమంతా గీతను నమ్ము" అనేవారు. మేక గడ్డం ఎన్నిసార్లు చెరిపానో! నాకు విసుగొచ్చేది గానీ ఆయనకు రాలేదు. ఎడమచేత్తో ఆ వంపును గాల్లో గీసి చూపించేవారు, భుజం దగ్గర్నుంచి కదిలిస్తూ. ఇద్దరి కాఫీలూ చల్లారిపోయేవి.

బొమ్మ గోడెక్కిన రోజు బడిలో అందరూ ఆయన్ను పొగిడారు. ఆయన మెల్లగా లేచి, "గీసింది నేనే. గోడ మిందికి తెచ్చింది మా కోడలు. ఆ పిల్ల పేరు గూడా నా పక్కనే రాయండప్పా" అన్నారు. రాసేదాకా కూర్చోలేదు. అంతవరకూ నేను ఒకరి భార్యను, ఒకరి తల్లిని. నా పేరు నాకే అంత పెద్దగా కనిపించడం అదే మొదలు.

ఆ తర్వాత ఆయన బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా గీశాం. ఇప్పుడు ఇదే నా పని. చెన్నై నుంచి కూడా కార్టూన్లు వేసేవాళ్ళు తమ బొమ్మలు పంపిస్తున్నారు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, మా మామ దగ్గర అని తలెత్తి చెబుతాను.

చిత్తూరు వెళ్ళే ముందు ఒక సాయంత్రం మౌస్ తనకిమ్మన్నారు. పెదవి కొరుక్కుంటూ ఎడమచేత్తో రెండు చుక్కలు పెట్టి, నడుమ ఒక వంపు లాగారు. కాకి వీపట. "పెద్దది చెయ్యి" అన్నారు. చేశాను. "ఇంకా." కాకి వీపు తెర ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది. ఎక్కడా చెదరలేదు. ఆయన కళ్ళజోడు తీసి, ముఖం తెరకు ఆనేంత దగ్గరగా వంగి, ఆ గీత వెంట వేలు నడిపిస్తూ వెళ్ళారు.