గుర్రం వెంట వచ్చిన నీళ్ల డబ్బాలు

వికారాబాద్ నుంచి తాండూరు దాకా గుర్రం సంగతి తెలిసినవాడు ఎవడయ్యా అంటే నేనే. హైదరాబాద్ రేసుల్లో గెలిచిన పదమూడు గుర్రాలు నా చేతుల మీదుగా తయారైనవే. ఈ మాట బస్సులో చెప్పాను, టీ కొట్టులో చెప్పాను, వియ్యంకుల ఇంట్లోనూ చెప్పాను. ఎవరూ కాదనలేదు. రాయబోతే మాత్రం చెయ్యి ఆగుతోంది. పదమూడు కాదు, నాలుగు. అందులో గెలిచింది ఒకటి. తయారు చేయడమంటే పొద్దున లద్ది ఎత్తడం, మేత వేయడం, పరుగెత్తి వచ్చినదాన్ని చెమట ఆరేదాకా నడిపించడం. మిగతా పనేదో వేరేవాళ్లు చేశారు.

మాది యాలాల్ దగ్గర గొర్లు కాసిన కుటుంబం. మోకాళ్లు గుట్ట ఎక్కమని మొండికేశాక తాండూరు రోడ్డు మీది గుర్రాల ఫారంలో పనికి కుదిరాను. మా ఆవిడ కూడా అక్కడే గడ్డి కోసేది. కాలు దెబ్బతిన్న రేసు గుర్రాలను, ఇంకా జీను ఎరగని పిల్ల గుర్రాలను హైదరాబాద్ షావుకార్లు అక్కడికి పంపుతారు. పంపి ఊరుకుంటారా, ఊరుకోరు. ఆదివారం కార్లేసుకొని, క్యారెట్లు పట్టుకొని దిగుతారు. నాలుగు గుర్రాలు వరసగా నిలబడితే తనది ఏదో తెలియక నా మొహం చూస్తారు. మందలో గొర్రె ఒకటి తప్పిపోతే మా నాయన దాని మొహం ఎట్లా ఉంటుందో చెప్పి వెతికించేవాడు. వీళ్లు ఉన్న ఒక్క గుర్రాన్ని దాని మీది దుప్పటి రంగుతో గుర్తుపడతారు. ఒక ఆదివారం కావాలనే రెండు గుర్రాల దుప్పట్లు మార్చి కప్పాను. ఒక పెద్దమనిషి పక్కవాడి గుర్రాన్ని అరగంట నిమిరి, ముద్దు పెట్టుకొని, నన్ను మరిచిపోలేదు చూడు అని కళ్లు తుడుచుకుంటూ పోయాడు.

అందరిలోకి నాకు ఎక్కువ నవ్వు తెప్పించినవాడు ఒక కంటి డాక్టర్. ఆయన ఆడగుర్రానికి ముందుకాలి నరం వాచింది. మూడు నెలలు పరుగు వద్దన్నారట. మండే ఎండాకాలంలో అది లారీలోంచి దిగింది. దాని వెనకే ఇంకో బండిలోంచి ఇరవై నీళ్ల డబ్బాలు దిగాయి.

"గివి ఎవలకు సాబ్?" అన్నాను, వెంట వచ్చిన డాక్టర్‌తో.

"దీనికే, పెద్దాయనా. అక్కడ రోజూ తాగే నీళ్లే. మీ బోరు నీళ్లు బండల నడుమ నుంచి వస్తాయి, రుచి వేరు. మొదటి రోజు అచ్చంగా ఇవే పెట్టు. తర్వాత రోజుకు కొంచెం కొంచెం బోరు నీళ్లు కలుపుకుంటూ పో. వారం పట్టినా పట్టనీ."

"మా గొర్లు గుంటల బురదనీళ్లు తాగి పెరిగినయ్ సాబ్. ఒక్కటన్న గిట్ల నఖరాలు చెయ్యలే."

"ఇది గొర్రె కాదు. నచ్చకపోతే దాహంతోనే నిలబడుతుంది. కడుపు బిగుసుకుపోతే ప్రాణం పోతుంది. నవ్వకు పెద్దాయనా. ఇంతకుముందు ఒకదాన్ని దూరం పంపాను. అంతా బాగుందని రోజూ ఫోన్‌లో చెప్పారు. తిరిగొచ్చేసరికి పక్కటెముకలు తేలి ఉన్నాయి. ఎక్కువ రోజులు బతకలేదు."

"మీరేం ఫికర్ చెయ్యకుండ్రి, నేను లేనా?"

ఆయన ఫికర్ మానలేదు. రోజూ సాయంత్రం ఫోన్. ఎన్ని బకెట్లు తాగింది, లద్ది మెత్తగా ఉందా, పడుకుందా, ఏ పక్కకు పడుకుంది. పెళ్లయిన నాటి నుంచి నేను ఏ పక్కకు పడుకున్నానో మా ఆవిడ అడిగిన పాపాన పోలేదు. చదువుకున్నవాడికి భయం పట్టుకుంటే ఆ చదువంతా భయానికే పనికొస్తుందని ఆ ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ అనుకునేవాణ్ని.

తాండూరు వైపు బోరు నీళ్ల సంగతి తాగినవాళ్లకు తెలుసు. గిన్నెకు తెల్లగా పెచ్చు కడుతుంది, పప్పు ఉడకదు, టీకి టీ రుచి రాదు. డాక్టర్ నీళ్లు ఏపాటివో చూద్దామని మొదటి రోజే వాటితో టీ పెట్టాను. ఏం చెప్పను, అది టీ. మేనేజర్ తాగి ఇంకో కప్పు అడిగాడు. గేటు మనిషి గేటు వదిలేసి వచ్చాడు. మర్నాడు పప్పు వేశాం, వెన్నలా ఉడికింది. ఎండకు తాళలేక కొందరు ఆ నీళ్లతో స్నానాలు కూడా కానిచ్చారు. కొందరంటే, నేను కూడా. కలపడం గిలపడం ఎవరికి గుర్తుంది? గుర్రానికి మాత్రం ఉన్నన్ని రోజులూ అచ్చమైన హైదరాబాద్ నీళ్లే పోశాం. నాలుగో రోజు పొద్దున చూస్తే డబ్బాలన్నీ ఖాళీ.

బకెట్ నిండా బోరు నీళ్లు పెట్టాను. అది మూతి ఆనించి, బుస్సుమని ఊది, పై పెదవి ముడిచి గోడ వైపు తిరిగింది. పట్నం కొవ్వు, దాహమైతే అదే తాగుతుందిలే అనుకున్నాను. సాయంత్రం ఫోన్ వచ్చింది.

"మూడు బకెట్లు తాగింది సాబ్, మస్తుగున్నది," అన్నాను.

మర్నాడు పొద్దున బకెట్‌లో నీళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. లద్ది ఎండు ఉండలుగా నాలుగే పడ్డాయి. మెడ మీది తోలు పట్టి వదిలితే ముడత ముడతగానే నిలిచింది. కడుపుకు చెవి ఆనించాను. ఎప్పుడూ గుడగుడలాడే కడుపు చప్పుడు లేకుండా ఉంది. మధ్యాహ్నానికి అది ముందుకాలితో బండను గీరుతూ, మెడ తిప్పి తన కడుపు వైపు చూసుకోవడం మొదలుపెట్టింది. గుర్రం అట్లా చూసుకుందంటే కడుపు బిగుసుకుందని, ప్రాణం మీదికి వచ్చిందని ఆ ఫారంలో అందరికీ తెలుసు.

అప్పుడు పనిచేసింది నా బుర్ర. బెల్లం దంచి నీళ్లలో కలిపాను, పైన తవుడు చల్లాను, ముందు నేనే దోసిట్లో తీసుకొని తాగి చూపించాను. అది నా కళ్లలోకి చూసి, మెల్లగా మూతి ముంచింది. ఒక బకెట్ అయింది, రెండోది అయింది. సాయంత్రానికి లద్ది వేసింది. రోజూ ఫోన్ చేసి బకెట్లు లెక్కపెట్టే కంటి డాక్టర్‌కు తోచనిది గొర్లకాపరికి తోచిందని ఇన్నాళ్లూ కోట్‌పల్లి దాకా చెప్పుకున్నాను.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ విన్నది.

"నీళ్లు ఒడగొట్టింది నిజమే రాసినవ్. తానం చేసింది గూడ ఒప్పుకున్నవ్. గీ బెల్లం కథ ఏంది?"

"గదే గద జరిగింది."

"ఏం జరిగింది? గుర్రం కడుపు దిక్కు చూసుకునుడు షురూ చెయ్యంగనే, సచ్చిపోతే నన్ను పట్టుకుంటరని నువ్వు ఫోను ఆడనే పెట్టి చెల్కలకు ఉరికి దాక్కున్నవ్. గా ఫోను మీదికెల్లే డాక్టర్ సాబ్‌కు ఉన్నదున్నట్టు చెప్పింది నేను. నీళ్లు ఒడిసినయని గూడ చెప్పిన. ఆయన నన్ను ఒక్క మాట అనలే. బెల్లం కలుపు అమ్మా, తాగేదాంక ఫోన్ పెట్టకు అన్నడు. కండ్లు చూపించుకునేటోళ్లను బయట కూసోబెట్టి, అది గుటక ఏసిన సప్పుడు ఇనేదాంక ఫోన్లనే ఉన్నడు. దోసిట్ల తాగి చూపెట్టినోళ్లు ఎవలూ లేరు. నువ్వు చెల్కల నుంచి వచ్చేవరకు గుర్రం రెండో బకెట్ తాగుతుండె."