మూడ్రోజుల మావయ్య, మరదలి తుపాకీ

ఆయన అసలు పేరు రైఫిల్ క్లబ్బు రిజిస్టరులో ఎక్కడో ఉండే ఉంటుంది. ఎవరూ వెతికిన పాపాన పోలేదు. క్లబ్బులో అందరికీ ఆయన మూడ్రోజుల మావయ్య. తుపాకీ ఏ రోగంతో వచ్చినా ఆయన చెప్పే వైద్యం ఒక్కటే: "ఇక్కడ పెట్టి వెళ్ళండి. మూడ్రోజులాగి రండి."

అంతకుముందు ముప్పై ఏళ్ళు టైపు మిషన్లు బాగుచేశాడు. లోకం టైపు మిషన్లని అటకెక్కించేసరికి, చిన్న చిన్న ఇనుప ముక్కలకి అలవాటు పడ్డ ఆ చేతులు ఊరుకోలేక క్లబ్బు సామాన్ల గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకున్నాయి. అక్కడికొచ్చేవి యుద్ధాల తుపాకులు కావు. యాభై మీటర్ల అవతల కాగితం మీద నల్లటి చుక్కని కొట్టే చిన్న తూటా రైఫిళ్ళు. ఆ కాగితానికి తప్ప వాటివల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు. ఒకసారి గోడ గడియారానికి జరిగింది గానీ, ఆ సంగతి ఎవరూ మాట్లాడరు.

ఈ కాగితాల వీరులందరికీ ఒకటే ఫిర్యాదు. ట్రిగ్గర్ బరువుగా ఉంది, ట్రిగ్గర్ గరుగ్గా ఉంది, ట్రిగ్గర్ నొక్కుతుంటే సాగుతోంది. పది పాయింట్లు పోయినవాడెవడూ నా చెయ్యి వణికిందని చెప్పడు. ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్నారా!

మావయ్య మొదట్లో నిజాయితీపరుడే. ప్రతి తుపాకీ విప్పి, భూతద్దం పెట్టి చూసి, "ఇందులో ఏ లోపం లేదండీ" అని ఇచ్చేసేవాడు. వాళ్ళు మొహాలు మాడ్చుకుని పోయి ఇంకా చెత్తగా కాల్చేవాళ్ళు. అప్పుడు దారి చూపించింది ఆయన భార్య. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. "నడుం దగ్గర కాస్త బిగుతైందక్కా" అని ఎవరైనా జాకెట్టు తిరిగి తెస్తే, ఆవిడ దాన్ని రెండు రోజులు మేకుకి తగిలించి, దులిపి, మడతపెట్టి ఇచ్చేస్తుంది. వాళ్ళు వేసుకుని "ఇప్పుడు ప్రాణం హాయిగా ఉందక్కా" అంటారు.

"సూది ముట్టుకోలేదే నువ్వు!" అన్నాడు మావయ్య నోరు తెరిచి.

"ముట్టుకుంటే పాడవుతుంది. బావున్నదాన్ని బాగుచెయ్యడమంత పాడుపని ఇంకోటి లేదు" అంది ఆవిడ.

ఆ రోజు నుంచి పదిలో ఏడు తుపాకులకి అదే వైద్యం. పైపైన తుడవడం, పాత దుప్పట్లో చుట్టి మూడ్రోజులు అలమరలో పడుకోబెట్టడం, ఇచ్చేటప్పుడు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి గంభీరంగా ఒక అంకె చెప్పడం. "ట్రిగ్గర్ బరువులో అరవై గ్రాములు తీశానండీ." పళ్ళ డాక్టరుగారైతే ఆ అరవై గ్రాముల సుఖానికి కళ్ళు మూసుకుని "వెన్నపూస మావయ్యా, వెన్నపూస!" అన్నారు. ఆ వారమే ఆయన స్కోరు తొమ్మిది పాయింట్లు పెరిగింది. ఇందులో మోసమేముంది చెప్పండి? మిగతా మూడు తుపాకుల్లో నిజంగా లోపం ఉండేది. వాటిని ఊపిరి బిగబట్టి బాగుచేసేవాడు. ఏ మూడు, ఏ ఏడు అన్నది మనిషి మొహం చూసి చెప్పగలనని ఆయన ధీమా. కొంప ముంచింది ఆ ధీమాయే.

ఆయన మరదలు, అంటే భార్య చెల్లెలు, ఆసుపత్రిలో నర్సు. పసిపిల్లలకి సూది వెయ్యాలంటే డాక్టర్లు ఆమెనే పిలుస్తారు. పిల్లాడు ఏడుద్దామని నోరు తెరిచేలోపు పని అయిపోతుంది. ఆ చేత్తోనే ఆదివారాలు క్లబ్బుకొచ్చి మగాళ్ళందరి స్కోర్లూ మట్టి కరిపించేది. కిందటేడు ఎంపిక పోటీకి ముందు ఆమె తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"బావా, ట్రిగ్గర్ మధ్యలో పట్టేస్తోంది. చిన్న గులకరాయి అడ్డం పడ్డట్టుంది."

బావకి సరసం పొంగింది. మరదలి తుపాకీలో గులకరాయా! మూడ్రోజులు దుప్పట్లో పడుకోబెట్టి "ఎనభై గ్రాములు" అని ఇచ్చాడు. మర్నాడే ఆమె తిరిగొచ్చింది.

"ఇంకా పడుతోంది బావా."

"పట్టేది ట్రిగ్గర్ కాదు మరదలా, నీ వేలు. ముందు దానికి నూనె రాసుకో" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పోటీలో, నలుగురినే తీసుకునే జట్టుకి, రెండు పాయింట్ల తేడాతో అయిదోది అయింది.

ఏడాది గడిచింది. మళ్ళీ ఎంపిక పోటీ వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఆమె తుపాకీ పట్టుకుని ఇంటికే వచ్చింది.

"ఊరికే తుడిచివ్వు బావా. ఆదివారం ఆఖరుసారి కాలుస్తాను. తరవాత నువ్వే ఎవరికైనా అమ్మేసెయ్."

"అదేంటే?" అంది అక్క, కుట్టు మిషను ఆపి.

"నా వేలు పాడైందక్కా. బావ చెప్పింది నిజమే. ఏడాదిగా చూస్తున్నాను, నొక్కే ముందు ఆగిపోతోంది. ఈ మధ్య చంటిపిల్లలకి సూదులు కూడా వేరేవాళ్ళ చేత వేయిస్తున్నాను. నా చేతిమీద నాకు నమ్మకం లేదు." చెప్పేసి, బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది.

మావయ్య దీపం దగ్గరికి జరిగాడు. అన్నం మాట మరిచి తుపాకీ విప్పాడు. ట్రిగ్గర్ వెనకాల ఒక ఉక్కు అంచు ఇంకో ఉక్కు అంచు మీద ఆని ఉంటుంది. నొక్కితే అది జారాలి, అంతే సంగతి. భూతద్దం పెట్టాడు. అంచు మధ్యలో నువ్వుగింజలో సగం కూడా లేని ఒక గాటు, దాని పక్కన లేచిన ఒక పొక్కు. మరదలు చెప్పిన గులకరాయి! ఏడాదిపాటు అక్కడే కూర్చుని ఆయన్ని వెక్కిరిస్తూ ఉంది. ఈసారి మద్దెల నిజంగానే ఓడు.

శనివారం పొద్దున కిటికీ వెలుగులో కూర్చుని, మెత్తని సానరాయి మీద ఆ అంచుని సరిచేశాడు. రెండుసార్లు రుద్దడం, పదిసార్లు చూడడం. బిగించి, బరువులు వేలాడదీసి కొలిచాడు. తుపాకీ పిడి మీద కొట్టి చూశాడు, దానంతటది జారలేదు. నొక్కితే మాత్రం చప్పున జారింది. అంత అందమైన పని ఆయన జన్మలో చెయ్యలేదు.

"సాయంత్రం అది వస్తే జరిగింది జరిగినట్టు చెప్పండి" అంది భార్య.

"చెప్పకుండా పోతానా?" అన్నాడు. మరదలొచ్చింది. ఈయన తుపాకీని ఇంకోసారి తుడిచాడు. బాగుచేశానంటే కిందటేడు చెయ్యలేదని ఒప్పుకోవాలి. అది క్లబ్బుకి పాకిందంటే పదికి ఏడు తుపాకుల అలమర వైద్యం వీధిన పడుతుంది. పైగా ఒక తెలివైన ఆలోచన కూడా వచ్చింది: చెప్పకపోతే, రేపు బాగా కాల్చి, నా వేలే బాగుపడిందనుకుని సంతోషిస్తుంది కదా! ఇన్నాళ్ళూ ఏమీ చెయ్యకుండా చేశానన్న మనిషి, చేసిన ఒక్కనాడు మాత్రం "తుడిచానంతే" అన్నాడు. భార్య ఆయన వంక చూసిన చూపు ఇక్కడ రాయను.

ఆదివారం పోటీలో మొదటి పదిహేను నిమిషాలు లెక్కలోకి రాని షాట్లు. గురి సరిచూసుకోవడానికి ఇస్తారు. మరదలు మొదటి షాట్ కాల్చింది. కాగితం అంచుకి తగిలింది. రెండోది కాగితానికే తగల్లేదు.

వెనక బెంచీ మీద మావయ్య సగం లేచాడు. తన బుద్ధికి అందని సంగతి అప్పుడు అర్థమైంది. ఏడాదిపాటు ఆ వేలు గులకరాయికి అలవాటు పడింది. పట్టేదాకా నొక్కడం, పట్టాక గట్టిగా తొయ్యడం. ఇప్పుడు పట్టేదేమీ లేదు. ఆమె ఇంకా గురి కుదుర్చుకుంటుండగానే తూటా వెళ్ళిపోతోంది. మూడో షాట్ కూడా పోయింది. ఆమె తుపాకీ కింద పెట్టి, కుడి చెయ్యి ఎడమ చేత్తో పట్టుకుని దాని వంకే చూస్తోంది. లేచి వెళ్ళిపోయేలా ఉంది. గడియారంలో ఇంకా ఏడు నిమిషాలున్నాయి.

కాల్చేవాళ్ళ వరుస దగ్గరికి బయటివాళ్ళు పోకూడదు. మావయ్య పోయాడు. పైగా ఆమె చెవులకి చప్పుడు తగలని డిప్పలున్నాయి. చెవిలో చెప్పే దారి లేదు.

"అమ్మాయ్!" అని అరిచాడు. వినపడలేదు. ఊపిరంతా గుండెల్లోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే లైను అధికారి, ఎవరో లోపలికొచ్చారని ఈలవేసి కాల్పులు ఆపించాడు. అందరూ చెవుల డిప్పలు తీసి వెనక్కి తిరిగారు. చీమ చిటుక్కుమన్నా వినపడే ఆ నిశ్శబ్దంలో మావయ్య గొంతు పైకప్పు అదిరేలా మోగింది.

"నీ వేలికేం కాలేదే! కిందటేడు నేను నీ తుపాకీ విప్పనే లేదు! ఉత్తినే దుప్పట్లో పెట్టి ఇచ్చాను! లోపం ట్రిగ్గర్‌లోనే ఉంది, నిన్న తీసేశాను! తొయ్యకు, ముట్టుకో చాలు!"

ఆమె ఆయన్ని ఒకసారి చూసింది. తరవాత డిప్పలు పెట్టుకుని తుపాకీ మీదికి వంగింది.

పక్క వరసలోంచి పళ్ళ డాక్టరుగారు నెమ్మదిగా తల తిప్పారు. "మావయ్యా... మరి నా అరవై గ్రాములు?"

మావయ్య తేలు కుట్టిన దొంగలా నేల చూశాడు. అధికారి ఆయన్ని భుజం పట్టుకుని బయటికి నడిపించాడు.

లెక్క షాట్లు మొదలయ్యాయి. ఆ రోజు క్లబ్బు చరిత్రలో చూడని వింత జరిగింది. నిన్నటిదాకా వెన్నపూసలా ఉన్న ట్రిగ్గర్లన్నీ ఒక్కసారిగా ఇనప దూలాలైపోయాయి. ఒకాయనకి సాగింది, ఇంకొకాయనకి గీసుకుంది, డాక్టరుగారికి రెండూ అయ్యాయి. తుపాకులు అవే. మరదలు మాత్రం మొదటి అయిదు షాట్లు నెమ్మదిగా, భయంభయంగా ముట్టుకుంది. ఆరోదాని నుంచి భయం పోయింది. బోర్డు మీద పేర్లు రాసినప్పుడు ఆమెది అన్నిటికంటే పైనుంది. రెండోవాడికీ ఆమెకీ తేడా పదకొండు పాయింట్లు.

సామాన్ల గదిలో మావయ్య తన బల్ల మీది పనిముట్లు గుడ్డలో మూట కడుతున్నాడు. ఎవరైనా పొమ్మనేలోపు తనే పోదామని. భార్య పక్కన స్టూలు మీద కూర్చుంది. మరదలొచ్చి గుమ్మంలో నిలబడింది.

"క్షమించవే" అన్నాడు ఆయన, తలెత్తకుండా.

"నాకెందుకు చెబుతావు బావా?" లోపలికొచ్చి కుడి చెయ్యి చాచి, చూపుడు వేలు ఆయన ముక్కుకి ఎదురుగా నిలబెట్టింది. "ఏడాదంతా తిట్లు తిన్నది ఇది. దీనికి చెప్పు."

మావయ్య భార్య వంక చూశాడు. ఆవిడేం సాయానికి రాలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి చేతిలో పెట్టుకుని, ఆ వేలి వంక తిరిగి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"తప్పంతా నాదేనమ్మా. నీలో ఏ లోపమూ లేదు. ఎప్పుడూ లేదు."

ముగ్గురూ నవ్వుకుందామనే అడిగింది ఆమె. నవ్వు రాలేదు. వేలు ముడుచుకుని గుప్పిట్లో దాచుకుని, అక్క ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.