మా యారాలు కొన్న పుస్తకాలు, నేను కొన్న ఒక్కటి

నా పేరు హన్మక్క. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో చెప్పేటోళ్లు ఎవరూ మిగల్లే. అమరచింత అవతల మెట్ట చేన్ల ఊరు మాది. ఇంట్ల ఇద్దరం ఉంటుంటిమి, నేను పెద్దకోడలు, మా యారాలు చిన్నకోడలు. మా మొగోళ్లు అన్నదమ్ములు, ఇద్దరూ ఎప్పుడో పోయిండ్రు. ఇప్పుడు ఆ ఇంట్ల నేను ఒక్కదాన్నే. పోయిన అమాస ముందర మా యారాలు సచ్చిపోయింది. పొద్దున పొయ్యి మీద నీళ్లు పెట్టి గోడకు ఒరిగి కూసున్నది. నీళ్లు మసిలినయి. "లేవే, నీళ్లు మసులుతున్నయి" అని రెండు మూడు సార్లు మొత్తుకున్న. లేవలే.

నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే అంగన్‌వాడీ టీచరమ్మ రాస్తుంది. "అవ్వా, స్వర్గస్థురాలైంది అని రాయనా?" అని అడిగింది. "నేనేం చెప్పిననో అదే రాయి. సచ్చిపోయింది" అన్న.

దీన్ని నెల మాసికానికి వచ్చినోళ్లందరి ముందట చదవాలె. ఎందుకంటే ఆమె కొడుకు ఆమె పుస్తకాలను పాత కాగితాల బండికి ఎత్తుతనంటుండు. అవి యాడికీ పోవు. ఎందుకు పోవో చెప్త, ఇనండి.

మా యారాలికి చీరల మీద మోజు లేదు, బంగారం మీద లేదు. పుస్తకాల దుకాణం కనపడితే మాత్రం కాలు ఆగేది. ఐదో తరగతి దాకా చదివి, పెండ్లి చేసుకొని మా ఇంటికి వచ్చింది. బీపీ గోలీల కోసం వనపర్తి దవాఖానకు పోతుంటిమి. బస్టాండు తొవ్వల ఒక దుకాణం. ముందర పెన్నులు, బడి పిల్లల పుస్తకాలు, లోపలి అరల కథల పుస్తకాలు. "చూస్త అంతే అక్కా, కొన" అని లోపలికి పోయేది. అంతే, ఇగ బస్సు పోయినట్టే.

ఆమె పుస్తకం చూసే తీరు వేరే. మొదటి పేజీ చూడది. నడుమ తెరిచి, నిలబడే, పెదవులు ఆడించుకుంట చదువుతది. పెదవులు ఆడుతున్నంత సేపు నాకు భయం లేకుండె. ఉన్నట్టుండి పెదవులు ఆగుతయి, కండ్లు మాత్రమే ఉరుకుతయి. గప్పుడు తెలుస్తది, గది మా ఇంటికి వస్తదని. అందుకే నేను పైసలున్న సంచిని కింద పెట్టి దాని మీదనే కూసునేదాన్ని.

"అవ్వా, కోపం చేయకు, చూడనీ" అంటుండె దుకాణమాయన.

"నువ్వు నోరు మూసుకో నాయినా. ఇంట్ల జొన్నలకు జాగ లేకుండ చేస్తుంది ఇది."

"జొన్నలు యాడున్నయక్కా?" అని లోపలి నుంచి మా యారాలు. "పత్తి ఏసినకాడి నుంచి గుమ్మి ఖాళీగనే ఉన్నది గద!"

గుమ్మి అంటే తెల్వని పిల్లలు కూడ ఇంటున్నరు గనక చెప్తున్న. వెదురు బద్దలతోని అల్లి, పేడతోని అలికిన గాదె, మనిషంత ఎత్తు ఉంటది. మా అత్త కాలంల దాని నిండ జొన్నలు. ఆ దినం మాట పడ్డది, మరునాడే మా యారాలు గుమ్మిల పుస్తకాలు పెట్టింది. పెట్టుకుంట పోయింది. నాగర్‌కర్నూల్‌ల చుట్టాల పెండ్లికి పోతే, తలంబ్రాల కాడ మనిషి కనపడలే. వెతికితే బడి ముందరి దుకాణంల నిలబడి ఉన్నది, పెదవులు ఆగిపోయి. వాపసు వచ్చేటప్పుడు, పెండ్లోళ్లిచ్చిన తాంబూలం సంచి అంత బరువు ఎందుకున్నదని అడిగితే, "కొబ్బరికాయ పెద్దదక్కా" అన్నది.

నేను తిట్టిన మాట నిజమే. తిట్టుకుంటనే గింజను కాపాడినట్టు వాటిని కాపాడిన. ఎండిన వేపాకు మధ్య మధ్యన పెట్టిన. ఎండకాలం మిద్దె మీద చాపలు పరిచి, మిరపకాయల పక్కన ఆరబెట్టిన. చూసినోళ్లు "హన్మక్కా, ఎండినంక దంచుతవా ఏంది?" అని నవ్విండ్రు. "ముందుగాల మీ నోళ్లు దంచుత" అన్న. ఆ ఏడు ఏ పుస్తకం తెరిచినా మిరప ఘాటు. మా యారాలు తుమ్ముకుంట, "కథ మొదలు కాకముందే కండ్ల నీళ్లు తెప్పిస్తివి గదక్కా" అన్నది.

చదివినయి కొన్నే, చదవనియే ఎక్కువ. "ఉన్నయి అయిపోయినంక కొనరాదే?" అని ఎన్ని సార్లు అడిగిననో. "వచ్చే కారు పంటకు విత్తనం దాచుకుంటం గదక్కా. చదవనియి ఇంట్ల ఉంటే, నాకు ముందర ఇంకా దినాలున్నయని ధైర్యం" అనేది. "మాటలు బాగ నేర్చినవు" అని గునుగుకుంట పోయేదాన్ని. ఆ విత్తనం గట్లనే ఉన్నది. ఏసేటి మనిషి లేదు.

"పెద్దమ్మా, చదువు రానిదానివి, నీకెందుకు అవన్నీ?" అంటుండు ఆమె కొడుకు. విత్తనానికి పల్లికాయ చేతితోనే ఒలవాలె, మిషన్ల పోస్తే గింజ పగులుతది. అరుగు మీద రెండు కుప్పలు పోసుకుంటుంటిమి, ఆమెదొకటి, నాదొకటి. ఆమె పుస్తకం పట్టుకొని గట్టిగ చదివేది, ఆమె కుప్ప కూడ నేనే ఒలిచేదాన్ని. నోరు ఆమెది, వేళ్లు నావి. ఆ పుస్తకాలల్ల నా పని లేదని ఎవరంటరో నా ముందటికొచ్చి అనమనండి.

ఇగ నేను కొన్నదాని సంగతి.

ఒకసారి గద్వాలకు పోయినం. తొవ్వ పక్కన గోనెపట్ట మీద పాత పుస్తకాలు పరిచి ఒకాయన అమ్ముతుండు. "ఈ దినం ఒక్కటి కూడ లేదు" అని ముందే చెప్పిన. మా యారాలు బుద్ధిగ చేతులు ఎనకకు కట్టుకొని నిలబడ్డది. నేను ఊకనే వంగి చూసిన. ఒక పుస్తకం మీద నది బొమ్మ, నది ఒడ్డున గుండ్రటి పుట్టి, పుట్టి కాడ సంకల మేకపిల్లనెత్తుకొని ఒక ఆడమనిషి. నా తల్లిగారిల్లు రాయచూరు దిక్కు. పెండ్లైనంక నేను క్రిష్ణ దాటి ఈ ఒడ్డుకు వచ్చింది గట్లాంటి పుట్టిలనే. చెయ్యి దానంతట అదే పోయింది.

"ఇది కావాలె" అన్న.

మా యారాలు తొవ్వ మీదనే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "మరి ఇప్పుడు సంచి మీద ఎవరు కూసోవాలె అక్కా?"

బస్సు జూరాల కట్ట ఎక్కినంక పుస్తకం తెరిచింది. పెదవులు రెండు సార్లు ఆడి ఆగినయి. "అక్కా, ఇది కన్నడం."

"అక్షరాలన్నీ ఒక్క తీరే ఉన్నయి గదనే!"

"నీకు అన్నీ ఒక్క తీరే" అని మళ్ల నవ్వు. నాకు సిగ్గు, కోపం. కిటికీల నుంచి ఏట్లకు పారేద్దునా అనిపించింది. ఆమె ఇయ్యలే.

ఇంటికొచ్చినంక దీపం ముట్టించి, ఆమె దాన్ని కూడబలుక్కుంట చదవబట్టింది. "తలకట్లు వేరేగున్నయక్కా, మిగిలింది మనోళ్ల తీరే ఉన్నది" అన్నది. ఒక్కొక్క అక్షరం పట్టుకొని, "హ-రి-గో-లు బ-ర-లి-ల్ల" అని చదివి తలెత్తింది. "ఏందక్కా, ఏమన్నది?"

నా పాణం ఝల్లుమన్నది. నేను పుట్టిన మాట అది. "పుట్టి రాలే అంటుండ్రే" అన్న.

ఆమె చదువుతది, ఆమెకు సమజ్ కాదు. నాకు సమజైతది, చదువ రాదు. గట్ల రాత్రికింత చదువుకుంట ఇద్దరం కలిసి ఆ పుస్తకం లోపలికి పోయినం. ముక్క ముక్కకు ఆగి "ఏమన్నదక్కా?" అని అడిగేది. ఒకోసారి నాకే తెల్వకపోతే నేను అల్లి చెప్పేదాన్ని. "ఇంత చిన్న ముక్కల అంత ముచ్చట ఉన్నదా?" అని అనుమానంగ చూసేది. నా బతుకుల నన్ను ఎవరేమడిగిండ్రు? నీళ్లు తెచ్చినవా, కట్టెలు తెచ్చినవా, మేకలు వచ్చినయా అని అడిగిండ్రు. దీని అర్థమేందని నన్ను అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

మేకపిల్లనెత్తుకున్న ఆ ఆడమనిషి ఒడ్డుకు వచ్చింది. పుట్టి వచ్చింది. ఒక కాలు పుట్టిల పెట్టింది. ఎనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచిండ్రు. గక్కడ మా యారాలు "కండ్లు గుంజుతున్నయక్కా, రేపు చదువుకుందం" అని వేపాకు పెట్టి మూసింది. తెల్లారినంక నీళ్లు మసిలినయి.

ఆమె కొడుకు చెడ్డోడు కాదు. పట్నంల మేస్త్రి పని చేస్తుండు. అన్నిట్ల ముందుగాల ఈ పుస్తకమే తీసి "ఇది మన భాష కూడ కాదు" అన్నడు. చేతిలకెళ్లి గుంజుకున్న. నా మొకం చూసి వానికి మనసున పట్టలే. "పెద్దమ్మా, ఏడవకు. ఫోన్ల ఫోటో కొడితే అదే చదువుతది" అన్నడు. పేజీ ఎనక పేజీ కొట్టిండు. ఫోన్ల ఒక పిల్ల కన్నడంల చదివింది. తప్పు లేదు, తడుముకోలే. బస్టాండుల బస్సుల పేర్లు చెప్పినట్టు చెప్పుకుంట పోయింది.

"సమజైతుందా?"

"అయితుంది."

అంతా అయింది. ముక్క అయిపోయినా ఆగలే. నేను నోరు తెరిచిన, దానికి నాతోని పని లేదు. వేపాకు పెట్టిన పేజీ దగ్గర పడేసరికి "బంద్ చెయ్" అన్న.

"ఇంక జరంత సేపే పెద్దమ్మా, కథ అయిపోతది."

"బంద్ చెయ్యిరా!"

బంద్ చేసిండు.

అందుకే చెప్తున్న, అందరూ ఇనండి. నేను బతికున్నన్ని దినాలు ఆ గుమ్మి కదలది. పుస్తకం కావాలన్నోళ్లు వచ్చి మా అరుగు మీద కూసొని చదువుకోండి, గట్టిగ చదవండి. మీ పల్లికాయలు తెచ్చుకోండి, మీ వాటా నేను ఒలుస్త. నా పుస్తకానికి మాత్రం కన్నడం వచ్చినోళ్లు రావొద్దు. తెలుగు అక్షరం వచ్చి, కన్నడం రానోళ్లు రావాలె. మెల్లగ కూడబలకాలె. ముక్క ముక్కకు ఆగాలె. ఆగి నన్ను అడగాలె.

ఎవరూ రాకుంటే రాకపోనీ. ఆ మనిషి గట్లనే ఉంటది, సంకల మేకపిల్ల, ఒక కాలు పుట్టిల, ఒక కాలు ఇసుకల, ఎవరు పిలిచిండ్రో అని ఎనకకు తిరిగి చూసుకుంట.

టీచరమ్మ చదివి వినిపించింది. నా మాట నేను చెప్పినట్టే ఉన్నది.

హన్మక్క, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
చెన్నమ్మ, పక్కిల్లు
సుజాత, అంగన్‌వాడీ టీచర్, రాసిన మనిషి
నాగేశ్, మా యారాలి కొడుకు