మోతికి ఇచ్చిన సర్టిఫికెట్

1988 నవంబరులో నన్ను బోధన్ పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. పేరులో అసిస్టెంట్ అని ఉన్నా ఆస్పత్రికి పెద్ద ఆ ఉద్యోగే. పైన నిజామాబాద్‌లో అసిస్టెంట్ డైరెక్టరు ఉంటారు, కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు. అప్పటికి మా శాఖలో ఆడవాళ్లం తక్కువ. నేను చార్జి తీసుకున్న రోజు ఒక రైతు తన గేదెను గేటు దగ్గరే ఆపి, డాక్టరు వచ్చాక తీసుకొస్తానని నాతోనే చెప్పాడు.

కాంపౌండరు ఖాదర్ భాయ్ బోధన్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. నా చేతికి తాళాలు ఇస్తూ, "మార్చి దాక మనకు ఎడ్లే మేడం, వేరే మరీజులు తక్కువ," అన్నాడు. నిజమే, రోగులంటే ఎడ్లే. చెరకు గానుగాడే కాలం మొదలైతే ఫ్యాక్టరీ దారంతా బండ్లే. కాడి రాసుకుని మెడలు వాచిన ఎడ్లు పొద్దున్నుంచే వరస కట్టేవి. కుక్కలు నెలకు ఒకటో రెండో వచ్చేవి. అవి కూడా ఆఫీసర్ల బంగళాల నుంచి, గొలుసులతో.

అలాంటి చోటికి డిసెంబరు మొదటి వారంలో లూకయ్య తన కుక్కను భుజాన వేసుకుని వచ్చాడు. వయసు యాభై పైన. మెథడిస్టు కుటుంబం. ఊరి బయట చెరకు పిప్పి నిలవ చేసే యార్డులో కాపలాదారు. రసం తీశాక మిగిలే పిప్పిని ఇటుక బట్టీలకు అమ్మే సేటు ఒకరు ఆ యార్డు నడిపేవారు. లూకయ్యకు చిన్నప్పుడు కుష్టు వచ్చింది. డిచ్‌పల్లి మిషన్ దవాఖానలో పూర్తిగా నయమైంది గానీ వేళ్లు కొంత ముడుచుకుపోయాయి, చేతులకూ పాదాలకూ స్పర్శ లేదు. ఇవన్నీ ఆయనే నవ్వుతూ చెప్పాడు, నేను అడగక ముందే. అడగాలో వద్దో తెలియక నేను ఇబ్బంది పడుతున్నానని గ్రహించినట్టున్నాడు.

కుక్క పేరు మోతి. నాలుగేళ్ల నాటు కుక్క, గోధుమ రంగు. కూర్చున్నది కూర్చున్నట్టే వెనక కాలితో చంక గీక్కుంటూ ఉంది. పొట్ట కింద వెంట్రుకలు రాలి చర్మం ఎర్రగా కమిలిపోయింది. దాని మీద నల్లటి జిడ్డు. ఎవరో చెబితే పాత ఇంజను నూనెలో గంధకం కలిపి పూశాడట. ఆ రోజుల్లో కుక్క చర్మానికి ఏం వచ్చినా అందరికీ తెలిసిన మందు అదే. దురద పోకపోగా చర్మం కాలేది, నాకితే కడుపులోకి విషం పోయేది. ముందు సబ్బుతో దాన్ని కడిగించాను.

నేను రబ్బరు తొడుగులు వేసుకుని పరీక్ష చేస్తుంటే లూకయ్య అడిగాడు: "డాక్టరమ్మా, ఆ తొడుగులు కుక్క కోసమా, నా కోసమా?"

కుక్క కోసమే అన్నాను. గజ్జి అయితే మనిషికీ అంటుకుంటుంది కాబట్టి అది అబద్ధం కాదు. కానీ మాత్రల పొట్లం ఆయన చేతికి ఇవ్వకుండా బల్ల అంచున పెట్టాను. అది ఆయనా చూశాడు, నేనూ చూసుకున్నాను.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, అప్పటిదాకా ఉన్న నవ్వు లేకుండా అడిగాడు: "ఒక్క మాట డాక్టరమ్మా. నా బీమారే దీనికి అంటుకున్నదా? యార్డుల అందరు గట్లనే అంటున్నరు. సేటు గూడ కుక్కనన్న ఇడిసిపెట్టు, కొలువన్న ఇడిసిపెట్టు అంటుండు."

కుష్టు మనిషి నుంచి కుక్కకు రాదని, ఆయనది నయమైపోయిన జబ్బు కాబట్టి ఎవరికీ రాదని చెప్పాను. ఆయన తలూపాడు గానీ నమ్మినట్టు అనిపించలేదు. కుక్కకు వచ్చిందేమిటో నేను చెప్పలేకపోయాను కదా.

ఇలాంటి కేసుకు మాకు ఒక వరస ఉంది. ముందు గజ్జి పురుగు ఉందో లేదో చూడాలి. మొద్దు బ్లేడుతో చర్మాన్ని కాస్త రక్తం చెమర్చేదాకా గీకి, ఆ పొట్టును మైక్రోస్కోపు కింద పెడతాం. మూడు చోట్ల గీకాను, పురుగు లేదు. తర్వాత గోమార్లు, వెంట్రుకల్లో దూరి రక్తం తాగే పురుగులు. సన్న దువ్వెనతో దువ్వి, రాలినదాన్ని తడి దూది మీద వేస్తే గోమారు రెట్ట ఎర్రగా కరుగుతుంది. అదీ లేదు. ఇక మిగిలింది ఎలర్జీ. ఏదో ఒకటి దాని ఒంటికి పడడం లేదు, ఏమిటన్నది తెలియదు. పది రోజులకు స్టెరాయిడ్ మాత్రలు రోజురోజుకూ తగ్గిస్తూ వేయమన్నాను. మోతి గోకడం మానేసింది. మాత్రలు అయిపోయిన నాలుగో రోజుకు మళ్లీ మొదలుపెట్టింది. ఇంకోసారి ఇచ్చాను, మళ్లీ అదే కథ. ఎక్కువ కాలం వాడే మందు కాదది. ఖాదర్ భాయ్ రిజిస్టరులో మూడోసారి అదే పేరు రాస్తూ నా వైపు చూశాడు.

జనవరిలో లూకయ్య కాలికి పుండు పడింది. స్పర్శ లేని పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. డిచ్‌పల్లిలో చూపించుకుంటే మూడు వారాలు అక్కడే ఉండమన్నారు. కుక్కను ఎవరికీ అప్పగించలేక, పిప్పి లారీలో తీసుకుపోయి ఇందల్వాయిలో ఉండే తన అక్క దగ్గర దించాడు. మాత్రలు అప్పటికే అయిపోయాయి.

ఫిబ్రవరిలో ఆయన మోతిని అక్క దగ్గర నుంచి తీసుకుని నేరుగా మా వరండాలోకి రావడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కాళ్లకు దవాఖానలో కుట్టిన కొత్త మెత్తటి చెప్పులు. ముందు మోతి, నడుచుకుంటూ. పొట్ట కింద ఎరుపు లేదు, మెత్తగా కొత్త వెంట్రుకలు వస్తున్నాయి.

"మా అక్క రోజు ప్రార్థన చేసింది డాక్టరమ్మా! నీ గోలీలు గాదు," అన్నాడు. ఖాదర్ భాయ్ పకపకా నవ్వాడు. "దువా అయితే దువా, మేడంకు పేరు వస్తే సాలు," అన్నాడు. నాకు చిన్నతనమనిపించలేదు. ఇద్దరికీ టీ తెప్పించాను.

ఆరు రోజులకు లూకయ్య ఒక్కడే వచ్చాడు, ముఖం వేలాడేసుకుని. యార్డుకు చేరిన నాలుగో రోజు నుంచే మోతి మళ్లీ గోక్కుంటోందట. "నా దగ్గరుంటేనే వస్తున్నది. అక్క కాడ ఉంటే లేదు. ఇగ నేనే దాన్ని అక్కకు ఇచ్చేస్త," అన్నాడు. నాకు మాత్రం లోపల దీపం వెలిగినట్టయింది. మందు లేకుండా తగ్గింది, చోటు మారగానే తిరగబెట్టింది. అంటే జవాబు ఆ రెండు చోట్ల మధ్య తేడాలో ఉంది.

కూర్చోబెట్టి అడిగాను. అక్క ఇంట్లో ఏం తిన్నది? జొన్నరొట్టె, మజ్జిగ. ఇక్కడ? అదే. నీళ్లు? బోరు నీళ్లే, రెండు చోట్లా. అక్కడ ఎక్కడ పడుకునేది?

"అలికిన నేల మీద."

"ఇక్కడ?"

"చలికాలం గదా అని పిప్పి మెత్తగ పరిచిన. జానెడు మందం. నా పక్క కన్న దాని పక్కనే మంచిగుంటది." ఆ మాట గర్వంగానే మొదలుపెట్టాడు. చివరికి వచ్చేసరికి ఆయన గొంతు నెమ్మదించింది. నా ముఖం చూసి, "పిప్పా?" అన్నాడు.

పొట్ట, చంకలు, గడ్డం కింద, వేళ్ల సందులు. వెంట్రుకలు పలచగా ఉండి, పడుకున్నప్పుడు పక్కకు తగిలే చోట్లే కమిలాయి. వీపు మీద ఒక్క మచ్చ లేదు. ఆ సంగతి మొదటి రోజే నా కళ్ల ముందు ఉంది. కుక్కను బల్ల మీద చూశాను గానీ అది పడుకునే చోటు చూడలేదు.

ఆ మధ్యాహ్నమే ఖాదర్ భాయ్ సైకిలు వెనక కూర్చుని యార్డుకు వెళ్లాను. పిప్పి పక్క ఎత్తితే కింద బూజు పట్టి ముక్కిన వాసన. దాన్నంతా బయటికి తోడించాం. యార్డు అంతా పిప్పే కాబట్టి కుక్కను పూర్తిగా దూరం పెట్టడం కుదరదు. లూకయ్య పాత నులక మంచం కాళ్లు సగానికి కోసి, ఉతికిన చద్దరు పరిచి మోతికి ఇచ్చాడు. రోజూ సాయంత్రం దాని పొట్ట, కాళ్లు చల్లటి నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, ఎండిన చోట కొబ్బరినూనె రాయాలని చెప్పాను. వేడినీళ్లు వద్దు, దురద పెరుగుతుంది, మీ చేతికి వేడి తెలియదు కదా అని సందేహంగా ఆగాను.

లూకయ్య నవ్వాడు. "నీళ్లు మోచేత్తోటి సూడాలె డాక్టరమ్మా, నాకు అక్కడ తెలుస్తది. డిచ్‌పల్లిల నేర్పిండ్రు. నానబెట్టుడు, అద్దుడు, నూనె పెట్టుడు, నేను నా కాళ్లకు ఇరవై ఏండ్ల సంది చేస్తున్న. నువ్వు కొత్తగ చెప్పేదేమున్నది?"

ఎండిన చర్మం సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. ఆ రోజు నుంచి గుడిసె ముందు సాయంత్రం రెండు తొట్లు ఉండేవి. ఒకదాంట్లో లూకయ్య పాదాలు, ఇంకోదాంట్లో మోతి.

ఇక సేటు సంగతి. మా దగ్గర అంగడిలో, అంటే సంతలో, అమ్మే పశువులకు ఆరోగ్య సర్టిఫికెట్లు ఇచ్చే పద్ధతి ఉంది. కుక్కకు ఎవరూ అడగరు. నేను రాశాను: మోతి అనే గోధుమ రంగు మగ కుక్క, చర్మవ్యాధి అంటువ్యాధి కాదు, చెరకు పిప్పి పడకపోవడం వల్ల వచ్చినది. ఖాదర్ భాయ్ ఆఫీసు ముద్ర రెండుసార్లు గట్టిగా వేశాడు, ఒకటి చాలదని. కాగితాన్ని ఈసారి లూకయ్య చేతిలోనే పెట్టాను.

ఆయన దాన్ని, జబ్బు నయమైందని డిచ్‌పల్లి వాళ్లు తనకిచ్చిన సర్టిఫికెట్‌నూ కలిపి సేటు ముందు పెట్టాడు. నేనూ అక్కడే ఉన్నాను. సేటు రెండూ చదివి, కాసేపు మోతి వైపు చూసి, "అరే, నా పిప్పి వల్లనా?" అన్నాడు. చుట్టూ ఉన్న హమాలీలు ఒక్కసారిగా నవ్వారు. సేటూ నవ్వక తప్పలేదు. "యార్డుల ఇంతమంది పనిచేస్తున్నం, మా అందరికి పడ్డది గీ కుక్కకే పడలేదా!" అని ఒక హమాలీ మోతి తల నిమిరాడు. అంతకుముందు వారం దాన్ని రాయితో కొట్టింది అతనేనని లూకయ్య తర్వాత చెప్పాడు, కోపం లేకుండా. కొలువు నిలిచింది. ఏప్రిల్ నాటికి మోతి పొట్ట కింద వెంట్రుకలు నిండుగా వచ్చాయి. అది యార్డు గేటు దగ్గర నిలబడి నా రిక్షాను చూసి మొరిగేది. డాక్టర్లంటే దానికి గిట్టేది కాదు.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు సర్వీసు చేశాను. దురద కేసు వచ్చినప్పుడల్లా రిజిస్టరులో మందు పేరుకన్నా ముందు రెండు సంగతులు రాయించేదాన్ని. జంతువు ఎక్కడ పడుకుంటుంది, ఏ చోటికి పోతే తగ్గింది. స్టెరాయిడ్ దురదను ఆపుతుంది, కారణాన్ని ఆపదు. కారణం దొరకాలంటే కుక్కను పెంచే మనిషిని తీరిగ్గా అడగాలి, అతను చెప్పేది వినాలి. మోతి విషయంలో నేను ఆ పని మొదటి రోజు చేసి ఉంటే అది రెండు నెలలు తక్కువ గోక్కునేది.