కొర్రమీనుకని కొన్న రాడ్డు

హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సెక్కేటప్పటికి నా చేతిలో కొత్త గాలం రాడ్డు ఉంది. కొర్రమీను కోసం రబ్బరు కప్ప ఎర కూడా కొన్నాను. పక్క సీట్లో మామిడికాయలు కోసే పెద్దాయన ఒళ్లో కాయలు పట్టే వల చిక్కం పెట్టుకుని కూర్చున్నాడు. అడగకుండానే రాడ్డు అందుకుని, కొస పట్టుకుని వంచాడు.

"ఏంటండీ, విరిగితే?" అని అరిచాను.

"ఇది జెల్లల్లాంటి చిన్న చేపలకైతే సరిపోద్దండీ. గుర్రపుడెక్కలోంచి కొర్రమీనుని లాగాలంటే కర్ర బిర్రుగా ఉండాలి. చిక్కం కర్ర ఊగితే కాయ జారిపోదూ? ఇదీ అంతే. చేప దారం తెంపుకుపోద్ది, గాలం దాని నోట్లోనే ఉండిపోద్ది."

"మీరెళ్లి కాయలు కోసుకోండి. చేపల సంగతి నాకు తెలుసు."

ఆయన రాడ్డు నా ఒళ్లో పెట్టేసి కిటికీ వైపు తిరిగాడు. నూజివీడు దాకా నేను పళ్లు నూరుతూనే ఉన్నాను.

ఆదివారం చర్చి నుంచి నేరుగా చెరువుకి వెళ్లాను. కొర్రమీను కప్పని మింగి డెక్కలోకి దూరింది. రాడ్డు విల్లులా వంగింది, దారం తెగింది.

తర్వాత గట్టి రాడ్డే కొన్నాను. ఆయన మీద కోపం మాత్రం పోలేదు. గాలం నోట్లో పెట్టుకుని తిరిగే ఆ చేప గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. అంత తెలిసినవాడు, నేను ఒక్క మాట అనగానే ఊరుకోవడమేంటి?