నూనె గుడ్డ

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. దొరల మీద కూలీలు తిరగబడ్డ ఉద్యమం రోజుల్లో, కోరుట్ల నుంచి జగిత్యాల పోయే బస్సులో ఒక ముసలాయన నా పక్కన కూర్చున్నాడు. చేతిలో నూనె గుడ్డ. అందులో ఏమీ లేకపోయినా బొటనవేలితో తుడుస్తూనే ఉన్నాడు.

ధైర్యం చేసి అడిగాను. "ఏం తుడుస్తున్నవ్ తాతా?"

"అలవాటు బిడ్డా. మా ఊరి దొర తుపాకీల కాల్చిపారేసిన తూటాల ఇత్తడి గొట్టాలు తోమి, నూనెతోని తుడిచి, మల్ల మందు నింపి గుండు కూసోబెడుతుంటి. 'నీ చేతి గుండు వంకర పోదురా' అనేటోడు."

"ఇప్పుడెక్కడికి?"

"దవాఖానకు. నిన్న కూలోళ్లు తీసిన జులూసు మీద దొర కాల్చిండు. నా కొడుకు శవం ఇస్తరట."

జగిత్యాలలో దిగుతూ ఆయన గుడ్డను సీటు మీదే వదిలేశాడు.

"ఒక్క గొట్టంలనన్న జర మురికి ఉంచకపోతిని బిడ్డా."